చక్కెర ఒంపేసిన వదినె

మొన్న నల్లగొండ నుంచి హైదరాబాద్ పోతుంటే బస్సు రోడ్డు పక్కన ఒక చాయ్ హోటల్ ముందు ఆగింది. హోటల్ నెత్తిన కొత్త బోర్డు. ‘బెల్లం చాయ్. షుగర్ ఉన్నవాళ్లు ధైర్యంగా తాగవచ్చు.’ ఆ ‘ధైర్యంగా’ దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. చాయ్ తాగడానికి ధైర్యం ఎందుకు కావాలో రాసినవాడికి ఎక్కడో తెలిసే ఉండాలి.

"గా బోర్డు ఎవరు రాసిండ్రు?" అని అడిగాను.

"పెయింటర్ రాసిండు తాతా. చాయ్ ఇయ్యాల్నా?" అన్నాడు హోటల్ అతను.

"ఇయ్యి. చక్కెరద్దు, బెల్లం గుడ అద్దు."

"గట్లయితే ఉత్త వేణ్ణీళ్లిస్త, తాగు. పైసలద్దు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, చేతిలో బెల్లం చాయ్ పట్టుకొని, "బెల్లం నేచురల్ కదా పెద్దమనిషీ, దాంట్ల ఏం కలువదు" అని నాకు బోధించాడు. ఊరుకుంటానా. కండక్టర్ ఈల వేసేదాకా అతని ముందు నిలబడి చెప్పవలసినదంతా చెప్పాను. నా మాటలు వింటూనే అతను గ్లాసు అడుగుదాకా తాగి, ఇంకొకటి చెప్పాడు.

నా కోపం చేయగలిగిన పని అంతే. నేను నిలబడ్డ చోట మా వదినె నిలబడి ఉంటే ఇంత ఉపన్యాసం ఉండేది కాదు. గ్లాసు మీద అరచెయ్యి కప్పి ఊరుకునేది. ఆ అరచెయ్యిని దాటి ఒక్క పలుకు చక్కెర లోపలికి పోయిందని ఎవరూ చెప్పలేరు. ఆమె పోయిన చలికాలంలో పోయింది. బస్సులో కూచున్నాక కూడా నా ఒళ్లు మండుతూనే ఉంది. ఆ మంటలోనే ఆమె గురించి రాయాలనిపించింది.

ఆమె మా అన్న భార్య. పేరు రాయను. పేరుతో ఆమెను పిలిచినవాళ్లు ఎవరూ మిగల్లేదు కూడా. పానగల్‌కు దగ్గరి పల్లె మాది. ఊరందరికీ ఆమె ‘సప్పటి చాయ్ పెద్దమ్మ’. మొదట వెక్కిరింతకు పెట్టిన పేరు అది. తర్వాత్తర్వాత గౌరవంగానే పలికేవాళ్లు.

అరచెయ్యి అన్నాను కదా. అది చూడవలసిన దృశ్యం. ఎవరింటికి పోయినా చాయ్ వస్తుంది. మా దిక్కు చాయ్ వద్దంటే ఆ ఇంటి మనుషులే వద్దన్నట్టు. అందుకని ఆమె చాయ్ ఎన్నడూ వద్దనలేదు. పొయ్యి దగ్గరికి పోయి, చక్కెర పడకముందే తన గ్లాసు నింపించుకునేది. ఎవరైనా ప్రేమకొద్దీ చెంచాతో వెంట వస్తే, గ్లాసు మూతి మీద చెయ్యి పరిచేది. వేడి ఆవిరి అరచేతికి కొట్టినా తీసేది కాదు.

"చక్కెర లేని చాయ్ ఎట్ల తాగుతవ్ పెద్దమ్మా?" అంటే, "గొంతుతోని" అనేది.

ఆమె అట్లా ఎందుకైందో తెలియాలంటే మా అన్న కాలు సంగతి చెప్పాలి. మా అన్నకు చాయ్ కంటే గ్లాసు అడుగున కరగకుండా మిగిలే చక్కెర ఇష్టం. వేలు పెట్టి నాకేవాడు. చక్కెర బీమారి వచ్చిందని తెలిసినా వేలు ఆగలేదు. ముందు కాలివేలికి పుండు పడింది. ఆ వేలు తీశారు. తర్వాత పాదం. తర్వాత మోకాలి కింది దాకా. దవాఖానలో పండుకున్న మనిషిని చూడటానికి వట్టి చేతులతో పోవద్దంటారు. వచ్చిన ప్రతి చుట్టం బ్రెడ్డు, బిస్కెట్ పుడ, చక్కెర కలిపిన బత్తాయి రసం పట్టుకొచ్చాడు. కాలు తీసిన మనిషి మంచం కింద ఆ పుడలు గుట్టగా పడి ఉండేవి. ఒకరిద్దరిని అక్కడే తిట్టాను. "మర్యాద తెల్వదు గీయనకు" అనుకుంటూ పోయారు. ఎవరి మర్యాదో మరి.

అన్న పోయిన కొన్నాళ్లకే ఊళ్లో పెట్టిన క్యాంపులో వదినె వేలు కూడా పొడిచి చూశారు. ఆమెకూ ఉంది. ఆ చీటీ పట్టుకొని మా ఇంటికి వచ్చి గడపలో కూచుంది. ఏడవలేదు. తన పాదాలు ముందుకు చాపుకొని చాలాసేపు చూసుకుంది.

"మర్దీ, నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు నా మోకాళ్లను ఎన్నడో తిన్నయి. కింద మిగిలినయి గీ రెండు పాదాలు. గియ్యి నేను ఎవరికియ్య."

ఆ తర్వాత కొద్ది రోజులకే తెలంగాణ వచ్చింది. ఊరు ఊరంతా బజారులో ఉంది. డప్పులు, రంగులు, తాంబాళాల నిండా లడ్డూలు. కనబడ్డ ప్రతి నోట్లో లడ్డు కుక్కుతున్నారు పోరగాళ్లు. వదినె తన అరుగు మీద కూచుని ఉంది. లడ్డు నోటి దాకా వచ్చేసరికి ఆమె నోటి మీద తన అరచెయ్యి పెట్టుకుంది. నేను చూసిన మొదటి అరచెయ్యి అదే.

"తెలంగాణ అచ్చిన దినం గుడ నోరు తీపి చేసుకోవా పెద్దమ్మా? నీకు ఇష్టం లేదా ఏంది?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. మాట సరదాకే అన్నాడు గానీ పక్కనున్నవాళ్లు ఆమె మొఖం వైపు చూశారు.

"ఇష్టం లేకుంటే ఉద్యమంల మీతోని రోడ్డు మీద కూసోని వంట వండుదునా బిడ్డా? పొగకు నా కండ్లు పోయినయి గాదు?" అంది. "అచ్చిన తెలంగాణల నేను నా రెండు కాళ్ల మీద తిరగాలె. పాడె ఎక్కే దినం దాక గియ్యి రెండు నాకుండాలె. గంతే నా కోరిక. లడ్డు నువ్వు తిను."

ఆ రోజు ఊళ్లో చాలామంది చాలా మాటలు మాట్లాడారు. మైకుల్లో కూడా మాట్లాడారు. నాకు మిగిలిన మాట ఇది.

మరి ఆ రోజు నుంచి అంతా సవ్యంగా నడిచిందా అంటే, లేదు. ఇక్కడే మా మనుషులు మాత్రమే చేయగల తప్పు ఒకటి జరిగింది. ఆమె చక్కెర మానేసింది. బెల్లానికి మారింది. చక్కెర కంపెనీది, బెల్లం మనది అన్నారు ఊరి అమ్మలక్కలు. చక్కెరలో మందులు కలుపుతారు, బెల్లం చెరుకు నుంచి నేరుగా వస్తుంది, రక్తం పడుతుంది, ఒంట్లో వేడి తగ్గుతుంది, ఒకటా రెండా. చక్కెర డబ్బాలో ఆవాలు పోసి, దాని పక్కన బెల్లం దిమ్మ తెచ్చి పెట్టుకుంది. తెల్లారి చాయ్‌లో బెల్లం, అటుకుల్లో బెల్లం, రొట్టె మీద బెల్లం. మొఖంలో గెలిచిన కళ కూడా వచ్చింది.

మరుసటి వానకాలంలో నాట్లప్పుడు మడమకు ఏదో గీరుకుంది. ఆ గీరు పుండయింది. మానలేదు. పసుపు పెట్టింది, ఆకు కట్టింది. పుండు పెద్దదైంది. అప్పుడు నేను, ఆమె కొడుకు కలిసి జిల్లా దవాఖానకు తీసుకుపోయాము. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. రక్తం చీటీ చూసి, పుండు చూసి, "చక్కెర తింటున్నవా అవ్వా?" అంది.

"నాలుక మీద పెట్టలే బిడ్డా. ఏడాదాయె." వదినె గొంతులో గర్వం.

"చాయ్ తాగవా?"

"ఎందుకు తాగ. బెల్లం చాయ్ తాగుత."

ఆ పిల్ల చేతిలో పెన్ను కింద పెట్టింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు.

"బెల్లం చక్కెరకు అక్క అయితది అవ్వా. అక్కను ఇంట్ల పెట్టి సాదుకుంట, చెల్లెతోని మాట్లాడనంటే ఎట్ల? ఇద్దరు ఒక్క ఇంటోళ్లే. గీ పుండు ఇట్లనే ఉంటే ముందుగాల మడమ పోతది."

వదినె ఇంటికి వచ్చి సంచి పెట్టి, బెల్లం దిమ్మ ఎత్తుకొని కొట్టంలోకి పోయింది. అప్పుడే ఈనిన బర్రె ఉంది. దిమ్మను పగలగొట్టి ముక్క తర్వాత ముక్క దాని నోటికి అందించింది. చివరి ముక్క అయ్యాక దాని మొఖం నిమిరి, "ఇగ గిదంత నీకే. నీకు షుగర్ లేదు" అంది.

తొలి రోజుల్లో ఆమె దగ్గరికి పోవాలంటే మాకు భయం. తల నొప్పి అనేది. చేతులు వణికేవి. కోడలు కూరలో ఉప్పు తక్కువేసిందని ఒకసారి, ఎక్కువేసిందని ఒకసారి లొల్లి. నేను పరామర్శకు పోతే, "నువ్వు చాయ్ తాగొచ్చినవు, నీ నోరు వాసనొస్తాంది, దూరం జరుగు" అని వెళ్లగొట్టింది. ‘ఇంత బాధ ఎందుకమ్మా, ఓ చెంచాడు వేసుకో’ అని కొడుకు నోరు జారాడు. అప్పుడే ఆమె నోటి నుంచి ఆ మాట వచ్చింది. తర్వాత ఊళ్లో చాలామంది దాన్ని వాడుకున్నారు.

"నాలుక నా ఇంట్ల కిరాయికి ఉన్నది బిడ్డా. కిరాయికున్నోళ్లు చెప్పినట్టు ఇంటామె ఇంటదా?"

ఆ తర్వాత ఒక పొద్దున మా ఇంటికి పరుగున వచ్చింది. చేతిలో జొన్న రొట్టె, ఉల్లిగడ్డ ముక్క. నా నోట్లో పెట్టింది. "చూడు" అంది. చూడటానికి ఏముంది, రొట్టె, ఉల్లిగడ్డ. "తియ్యగ లేదూ? ఉల్లిగడ్డ తియ్యగుంటది మర్దీ. జొన్న రొట్టె నములుతుంటే నములుతుంటే తియ్యగయితది. గిన్నేండ్లసంది తింటున్న, నాకెవ్వరూ చెప్పలే." ఆ మొఖం నాకు ఇప్పటికీ కనబడుతుంది. పోయిన ఆభరణం దొరికినా ఆడవాళ్లు అంత సంబరపడరు. వానకాలం పోయేసరికి పుండు మానింది. మడమ మీద చింతగింజంత నల్లటి మచ్చ మిగిలింది.

ఆమె రాయి అని మాత్రం అనుకోకండి. బతుకమ్మకు మలీద ముద్దలు ఆమె చేతితోనే కావాలి అందరికీ. వేడి రొట్టెలు పొడి చేసి, బెల్లం వేసి, నెయ్యి వేసి, మెత్తగా పిసికి ముద్దలు చుట్టేది. ఊరి ఆడవాళ్లకు పంచేది. ఒకసారి నేను వాకిట్లో నిలబడి ఉండగా చూశాను. అన్నీ చుట్టడం అయిపోయాక అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకొని కళ్లు మూసుకుంది. నన్ను చూసి సిగ్గుపడలేదు. "వాసనకు షుగర్ పెరుగదు కదా మర్దీ?" అని అడిగింది. పెరగదన్నాను. ఇంకోసారి పీల్చుకొని, లేచి పోయి చేతులు కడుక్కుంది.

ఇక మనుమరాలి సంబంధం సంగతి.

ఆత్మకూర్ దిక్కు సంబంధం. పిల్లకూ పిల్లగాడికీ ఇద్దరికీ ఇష్టమే. ఖాయం చేసుకోవడానికి వాళ్లు తుఫాన్ జీపు బండి నిండా వచ్చారు. మాటలు అయ్యాయి. మా దిక్కు మాటలు అయితే సరిపోదు. ఎండు కొబ్బరి చిప్పలో, అంటే కుడుకలో, చక్కెర పోసి, రెండు వైపుల పెద్దవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకొని, ఒకరి నోట్లో ఒకరు చక్కెర వేసుకోవాలి. అప్పుడే సంబంధం ఖాయం. మా ఇంట్లో పెద్ద మనిషి వదినె. వాళ్ల వైపు పెద్ద మనిషి పిల్లగాడి నాయినమ్మ. లావుగా, నెమ్మదిగా, వచ్చినప్పటి నుంచి నోరు విప్పని మనిషి. ఆమె కుడుక వదినె చేతిలో పెట్టి, చిటికెడు చక్కెర తీసి నోటి దగ్గరికి తెచ్చింది.

వదినె అరచెయ్యి లేచింది.

"అమ్మా, ఒక్క చిటికె. గీ ఒక్క దినం" అన్నాడు కొడుకు చెవిలో. "నీ కాళ్లు మొక్కుత."

"మొక్కుడెందుకు బిడ్డా. ఉండనియ్యి, సాలు."

"చిటికెకు ఏమైతదమ్మా?"

"గీ దినం ఖాయం చక్కెర. రేపు పెండ్లి లడ్డు. ఎల్లుండి పురుడు. ఆవలెల్లుండి పండుగ. ఏ చిటికెకు ఆ చిటికె చిన్నదే. అన్ని కలిసే మీ నాయిన కాలు తీసినయి." ఈ మాట ఆమె చెవిలో చెప్పలేదు. అందరికీ వినబడేట్టు చెప్పింది. చెప్పి, కుడుకలోని చక్కెరను తాంబాళంలోకి ఒంపేసింది. మెల్లగా, ఒక్క పలుకు కింద పడకుండా. ఉత్త కుడుక చేతిలో పట్టుకుంది.

పిల్లగాడి మేనమామ తువాల దులిపి లేచాడు. "ఇచ్చిన చక్కెర ఒంపుడు ఏడన్న ఉన్నదా? మా దిక్కు గిట్ల చేస్తే సంబంధం అద్దన్నట్టే" అన్నాడు. లోపలి గది తలుపు సందులో మా పిల్ల మొఖం తెల్లబోయి ఉంది. నాకు ఏదో ఒకటి చెయ్యాలనిపించి, "చక్కెర కాకుంటే ఉప్పు పెట్టుకోండి, ఉప్పు తిన్నోళ్లు ఒకరినొకరు మరువరు" అన్నాను.

వదినె నా వైపు తిరిగింది. "చేతికి ఉప్పిస్తే జగడమయితదని తెల్వదా మర్దీ? గన్ని పేపర్లు సదివి గిదా నేర్సింది?"

ఎవరో కిసుక్కుమన్నారు. మేనమామ మాత్రం నవ్వలేదు. చెప్పులు వెతుక్కుంటున్నాడు. అప్పుడు ఆ నాయినమ్మ, చిటికెలో చక్కెర అట్లాగే పట్టుకొని ఉన్న మనిషి, మొదటిసారి నోరు తెరిచింది.

"అక్కా, నీకెంతున్నది?"

"తినకముందుదా, తిన్నంకదా?" అంది వదినె.

"తిన్నంకది."

"మొన్న చూపిస్తే నూట అరువై. డాక్టరమ్మ శబాషన్నది. నీకు?"

ఆమె చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది. తగ్గినా అందరికీ వినబడింది. "మూడొందలు దాటింది. ఇంట్ల చెప్పలే."

"అమ్మా," అన్నాడు పిల్లగాడి తండ్రి, "నీకు షుగరెప్పటికెల్లి?"

"నువ్వెప్పుడన్న అడిగినవా? గీ ఇంట్ల ప్రతి ఖాయానికి నా నోట్లెనే పోస్తిరి. అద్దంటే సంబంధం చెడుతదంటిరి. తింటనే ఉన్న."

మేనమామ చేతిలో ఒక చెప్పు ఉంది. వదినె కుడుకను నేల మీద పెట్టి ఇత్తడి చెంబుతో ఒక్క దెబ్బ వేసింది. ముక్కలైంది. ఒక ముక్క ఆ నాయినమ్మ నోట్లో పెట్టింది. ఆమె చిటికెలోని చక్కెర తాంబాళంలో విదిల్చి, ఇంకో ముక్క తీసి వదినె నోట్లో పెట్టింది. ఎండు కుడుక, ముసలి పళ్లు. ఇద్దరూ నమలడం మొదలుపెట్టారు. రెండు ఊళ్ల మనుషులు, పిల్లా, పిల్లగాడూ, తుఫాన్ డ్రైవర్‌తో సహా, ఆ రెండు దవడల వైపు చూస్తూ కూచున్నారు. అంత పొడుగు ఖాయం నేనెక్కడా చూడలేదు. చివరికి నాయినమ్మ మింగి, పెదవులు తుడుచుకొని తీర్పు చెప్పింది.

"ఉత్తదే తియ్యగున్నది. ఇగ ఖాయమే."

మేనమామ చెప్పు కింద పెట్టాడు.

పెళ్లిలో ఆ ఇద్దరు ముసలమ్మలు ఒక మూల కుర్చీలేసుకొని సప్పటి చాయ్ తాగుతూ, లడ్డూల మీద పడుతున్న జనాన్ని చూసి నవ్వుకుంటూ కూచున్నారు. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి యాదగిరిగుట్టకు పోయారు. నన్ను తోడు తీసుకుపోయారు. పైకి బండ్లు పోతాయి. వదినె ఎక్కలేదు. మెట్లు పట్టింది. ఆత్మకూర్ ఆమె ఆయాసపడుతూనే వెంట నడిచింది. పైన చేతికి వచ్చిన లడ్డు ప్రసాదాన్ని కళ్లకద్దుకొని వదినె నాకిచ్చింది. "స్వామి నాకు పెట్టిండు, నేను నీకు పెడుతున్న. తిను. నువ్వెట్లాగూ ఆగవు." ఆ మాటకు రోషం వచ్చింది. ఆ లడ్డు తిన్నాను, ప్రసాదం కదా. ఆ తర్వాత మాత్రం చక్కెర తినలేదు.

ఆమె వల్ల ఊరు మారిందని రాయను, అబద్ధమవుతుంది. మా ఊరి కూడలిలో స్వీట్ షాపులు ఒకటికి మూడయ్యాయి. దవాఖాన మంచాల కింద బిస్కెట్ పుడలు అట్లాగే ఉన్నాయి. కానీ ఆ తుఫాన్ బండి వచ్చిన రోజు నుంచి మా రెండు కుటుంబాల్లో ఏ సంబంధం ఖాయమైనా ఉత్త కుడుకతోనే అవుతున్నది. ఎవరూ తువాల దులుపుకొని లేవడం లేదు.

పోయిన చలికాలం ఆమెకు జ్వరం వచ్చింది. వచ్చిన రోజు కూడా పొద్దున వాకిలి ఊడ్చి, బర్రెకు గడ్డి వేసి, తన కాళ్ల మీద నడిచి వచ్చి మంచమెక్కింది. జ్వరమని విని ఆత్మకూర్ ఆమె చూడటానికి వచ్చి పక్కనే ఉండిపోయింది. జ్వరం ఊపిరితిత్తులకు దిగింది. మూడో నాటి తెల్లవారుజామున, ఎవరినీ తిప్పలు పెట్టకుండా వదినె పోయింది.

కింద పడుకోబెట్టాక పాదాలు కట్టాలి. మా దిక్కు పోయినవాళ్ల రెండు బొటనవేళ్లు కలిపి గుడ్డ పేలికతో కడతారు. మా అన్న పోయినప్పుడు ఆ పేలిక పట్టుకొని వచ్చిన మనిషి కాళ్ల దగ్గర నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, దాన్ని ఉండచుట్టి జేబులో పెట్టుకున్నాడు. వదినె అక్కడే కూచుని ఉంది. చూసింది.

ఇప్పుడు ఆమె కొడుకు ఆమె పాత చీర అంచు చింపి తెచ్చాడు. నేను తీసుకున్నాను. పాదాలు రెండూ పగుళ్లతో, గోళ్ల సందుల్లో వాకిలి మట్టితో, మడమ మీద ఆ నల్ల మచ్చతో ఉన్నాయి. వేళ్లన్నీ ఉన్నాయి. రెండు బొటనవేళ్లు దగ్గరికి తీసి పేలిక చుట్టాను. ముడి వెయ్యబోతుంటే నా కళ్లకు ఏమీ కనబడలేదు.

గోడకు ఆనుకొని కూచున్న ఆత్మకూర్ ఆమె, కొంగుతో కళ్లు తుడుచుకొని, నెమ్మదిగా అంది.

"గట్టిగ కట్టు అన్నా. కొట్లాడి తెచ్చుకున్న కాళ్లు గవి."